ప్రయాణాల సరదా నుంచి జీవావరణ శాస్త్రం దాకా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చదువులు, ఉద్యోగాల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు ఈసారి హైదరాబాద్ నుంచి వచ్చిన ఉత్తరాలలో ప్రకృతి మీద, ప్రయాణాల మీద ఉన్న ఇష్టాన్ని వృత్తిగా మార్చుకోవడం ఎలాగన్నవే ఎక్కువగా ఉన్నాయి. వాటిలో నాలుగింటిని తీసుకున్నాము. మొదటి ఉత్తరంలో అడిగిన విషయమే మిగతా మూడింటికీ మూలం కనుక దానికి ఎక్కువ చోటు ఇవ్వవలసి వచ్చింది.

ప్రశ్న: నేను బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం నా సబ్జెక్టులు. సెలవు దొరికితే చాలు, స్నేహితులతో కలిసి అనంతగిరి కొండలకో, నల్లమలకో, పాపికొండలకో వెళ్లిపోతుంటాను. జీవావరణ శాస్త్రవేత్తలు ఏడాదంతా అడవుల్లో తిరుగుతారనీ, ఎవరూ చూడని చోట్లు చూస్తారనీ విన్నాక ఆ వృత్తి మీద మనసు పడింది. దానికోసం ఏమి చదవాలి? ప్రయాణాల మీద నాకున్న ఇష్టం అందులో పనికొస్తుందా?
- ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: పనికొస్తుంది, కానీ మీరు ఊహిస్తున్న రీతిలో కాదు. విహారానికి వెళ్లేవారికి ఒక చోటు చూడడం అయిపోగానే మరో చోటి మీదికి మనసు పోతుంది. జీవులకూ వాటి పరిసరాలకూ ఉన్న సంబంధాలను చదివే జీవావరణ శాస్త్రాన్ని (ఎకాలజీని) వృత్తిగా తీసుకున్నవారు మాత్రం చూసిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్తారు. అదే వాగు, అదే గట్టు, అదే వేళ. చాలాసార్లు ఏళ్ల తరబడి. ఒక జీవి ఇక్కడ ఎందుకుంది, నిరుడు ఉన్నన్ని ఈ ఏడు ఎందుకు లేవు, పక్క కొండ మీద ఎందుకు కనబడదు అన్న ప్రశ్నలకు ఒక్కసారి వెళ్లి చూసి వచ్చినంత మాత్రాన జవాబు దొరకదు. మీ ఉత్తరంలో మూడు చోట్ల పేర్లున్నాయి. వాటిలో ఏ ఒక్కదానికైనా వానాకాలంలోనూ, చలికాలంలోనూ, మండుటెండల్లోనూ వెళ్లారా అన్నది మేము మిమ్మల్ని ఎదురు అడగదలచిన ప్రశ్న.

తేడా ఎక్కడుందో చెప్పడానికి మనందరికీ తెలిసిన పక్షినే తీసుకుందాము. దసరా నాడు పాలపిట్ట కనబడితే శుభమని నమ్మే ఇళ్లు తెలంగాణలో లెక్కలేనన్ని. అది మన రాష్ట్ర పక్షి కూడా. దేశంలోని పక్షుల స్థితిగతుల మీద 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక పాలపిట్టల సంఖ్య తగ్గుతోందనీ, దాని సంరక్షణ స్థాయిని తిరిగి అంచనా వేయాలనీ చెప్పింది. ఇప్పుడు మీరు మొయినాబాద్, చేవెళ్ల మీదుగా అనంతగిరికి పోతున్నారనుకోండి. దారిలో కరెంటు తీగ మీద పాలపిట్ట కనబడితే బండి ఆపి ఫోటో తీసుకుంటారు, రెక్క విప్పినప్పటి నీలిరంగు చూసి మురిసిపోతారు, ముందుకు సాగుతారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ ఫోటో వల్ల అక్కడ ఆ రోజు ఒక పాలపిట్ట ఉన్నదని తప్ప ఇంకేమీ తెలియదు.

అదే ప్రాంతానికి ఒక ప్రశ్నతో వెళ్లినవారు మరో పని చేస్తారు. పెద్ద రోడ్డును వదిలి, దాని నుంచి చీలిపోయే ఊరి దారులలో ఒకటి ఎంచుకుంటారు. కిలోమీటరుకు ఒకటి చొప్పున నిలబడే చోట్లను ముందే గుర్తు పెట్టుకుని, తెల్లవారాక ఒకే సమయానికి మొదలుపెట్టి, ఒక్కో చోట సరిగ్గా అయిదు నిమిషాలు నిలబడతారు. ఎన్ని పిట్టలు కనబడ్డాయి, ఎంత దూరంలో ఉన్నాయి, తీగ మీద కూర్చున్నాయా, చెట్టు మీదా, నేల మీద వాలి పురుగును పట్టాయా అన్నవి రాసుకుంటారు. చుట్టూ ఉన్నది పత్తి చేనా, మక్కజొన్నా, కూరగాయల మడులా, బీడు భూమా, లేక రాళ్లు పాతి ప్లాట్లు చేసిన వెంచరా అన్నదీ రాస్తారు. తొర్ర ఉన్న ముసలి చెట్లు చూపు మేరలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు, ఎందుకంటే పాలపిట్ట గుడ్లు పెట్టేది చెట్టు తొర్రలలోనే. ఒక్క పిట్టా కనబడని చోట సున్నా అని రాస్తారు. కొత్తవారు ఎక్కువగా వదిలేసేది ఈ సున్నానే. అది లేకపోతే ఆ పుస్తకంలో మిగిలేది పిట్టలున్న చోట్ల జాబితా ఒక్కటే, లేని చోట్ల సంగతి ఎవరికీ తెలియదు.

ఇంత చేశాక కూడా అసలు చిక్కులు అప్పుడే మొదలవుతాయి. పత్తి చేను ఏపుగా పెరిగి ఉన్నప్పుడు అందులో వాలిన పిట్ట కంటికి ఆనదు. కోసేసిన చేనులో అయితే వంద గజాల అవతలి నుంచే కనబడుతుంది. అలాంటప్పుడు కోసిన చేలలో పాలపిట్టలు ఎక్కువని రాసేస్తే, ఆ మాట పిట్టల గురించి చెప్పినట్టా, మన చూపు గురించి చెప్పినట్టా? వెంచర్లలో పిట్టలు తక్కువగా కనబడ్డాయనుకుందాము. దానికి కారణం చెట్లు కొట్టేయడమా, గడ్డి పోయి మిడతలు తగ్గడమా, నగరానికి దగ్గర కావడంతో వాహనాలు పెరగడమా? ఈ మూడూ కలిసే వస్తాయి కనుక వాటిని విడదీయాలంటే నగరానికి దూరంగా ఉన్న వెంచర్లను, దగ్గరగా ఉండి ఇంకా చెట్లు మిగిలిన పొలాలను వెతికి పోల్చుకోవాలి. జీవావరణ శాస్త్రంలో బుర్ర పెట్టవలసింది ఇక్కడే. అడవి మీద ప్రేమ మిమ్మల్ని ఆ దారి మొదటికి తీసుకువెళ్లగలదు, కానీ ఏ చోటును ఏ చోటుతో పోల్చాలో అది చెప్పదు.

ఒకే చోటికి తిరిగి వెళ్లడం వల్ల ఏమి తెలుస్తుందనడానికి ఈ శాస్త్రంలో పేరున్న ప్రయోగం ఒకటి ఉంది. అమెరికా పడమటి తీరంలోని మకా బే దగ్గర రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త అలలు తగిలే రాళ్లలో ఒక చిన్న భాగాన్ని ఎంచుకుని, దాని మీద ఉండే నక్షత్రచేపలను పట్టి సముద్రంలోకి విసిరేశాడు. అవి మళ్లీ చేరకుండా పదేపదే వెళ్లి అదే పని చేశాడు. నక్షత్రచేపలు లేకపోవడంతో అవి తినే ఆల్చిప్పలు రాయంతా ఆక్రమించాయి, మిగతా జీవులకు చోటు లేకుండా పోయింది. 1966లో ఆయన ప్రచురించిన వ్యాసం ప్రకారం అక్కడ 15గా ఉన్న జాతుల సంఖ్య 8కి పడిపోయింది. ఒక వేటజీవి ఆ చోటి జీవుల సమాజం మొత్తాన్ని నిలబెట్టగలదన్న ఆలోచనకు అది పునాది అయింది. ఒక్క రోజు విహారానికి వెళ్లి ఉంటే ఆయనకు కనబడేవి అందమైన నక్షత్రచేపలు మాత్రమే.

ఇక క్షేత్రంలో రోజు ఎలా గడుస్తుందో కూడా తెలుసుకోండి. పశువులు మేసే చోటికీ, మేయని చోటికీ పేడపురుగులలో తేడా ఉందా అన్నది మీ ప్రశ్న అనుకుందాము. ముందుగా నేలలో చిన్న గుంట తవ్వి, ప్లాస్టిక్ గ్లాసును దాని అంచు సరిగ్గా నేలమట్టానికి వచ్చేలా పాతాలి. అంచు కాస్త పైకి లేచినా పురుగు పక్క నుంచి తిరిగిపోతుంది. గ్లాసులో కొంచెం ఉప్పునీళ్లు పోసి, రెండు చుక్కలు సబ్బునీళ్లు కలపాలి. సబ్బు లేకపోతే చిన్న పురుగులు నీటి మీద తేలి మళ్లీ బయటికి పాకిపోతాయి. గ్లాసు మీద అడ్డంగా పుల్లలు పెట్టి, పలుచని గుడ్డలో కట్టిన తాజా పేడ ముద్దను వేలాడదీయాలి. ఇలాంటివి ఒక్కో చోట సమాన దూరంలో వరుసగా పెట్టుకుంటూ పోవాలి. మర్నాడు ప్రతి గ్లాసునూ వడగట్టి, పురుగులను ఆల్కహాల్ సీసాలలో వేసి, లోపల చీటీ పెట్టాలి. ఆ చీటీని పెన్సిల్‌తోనే రాయాలి, ఎందుకంటే పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోయి, ఏ పురుగు ఏ చోటిదో తెలియకుండా పోతుంది. ఆ తరువాత వారాల పాటు సూక్ష్మదర్శిని ముందు కూర్చుని కాళ్ల మీది ముళ్లు, తల మీది కొమ్ములు చూస్తూ జాతులను విడదీయాలి. ప్యాంటు అంచులకు పట్టుకుని వచ్చిన పిడుదులను ఏరుకోవడం, వాన వచ్చి గ్లాసులన్నీ నిండిపోతే మళ్లీ మొదటి నుంచి పాతడం వీటికి అదనం. అడవిలో గడిపిన ప్రతి నెలకూ కనీసం అంతే కాలం కంప్యూటర్ ముందు గడుస్తుంది. ఇది చదివాక మీకు విసుగు కాక కుతూహలం కలిగితే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

చదువు విషయానికి వస్తే, మీరిప్పుడు చదువుతున్న డిగ్రీ సరిపోతుంది. పీజీకి దరఖాస్తు చేసేటప్పుడు ఒక సంగతి గమనించండి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేరుతో ఉన్న ఎమ్మెస్సీ కోర్సులు చాలావాటిలో నీటి శుద్ధి, వాయు కాలుష్యం, వ్యర్థాల నిర్వహణ వంటి పాఠాలకే పెద్ద పీట ఉంటుంది. అవి విలువైనవే, ఉద్యోగాలూ ఇస్తాయి, కానీ జీవుల మధ్య సంబంధాలు చదవాలని చేరినవారు నిరాశపడతారు. పాఠ్య ప్రణాళిక తెప్పించుకుని చూడకుండా చేరకండి. మీరు కోరుకునే చదువు పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలోని ఎకాలజీ విభాగంలో, డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ నడిపే వన్యప్రాణి జీవశాస్త్రం, సంరక్షణ ఎమ్మెస్సీలో దొరుకుతుంది. చివరి రెండింటిలో సీట్లు చాలా తక్కువ, ప్రవేశాలు కూడా ప్రతి సంవత్సరం ఉంటాయనుకోకూడదు. అవి రాలేదని దిగులుపడనక్కరలేదు. ఉస్మానియాలోనో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనో జంతుశాస్త్రం లేదా వృక్షశాస్త్రంలో పీజీ చేసి, ప్రాజెక్టు పనిని మాత్రం క్షేత్ర పరిశోధన మీద పెట్టుకుని, ఆ పైన పీహెచ్‌డీకి ఈ రంగంలోకి వచ్చినవారు ఉన్నారు. పై చదువుల ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో ‘ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ పేరుతో ప్రత్యేకంగా ఒక పేపరు ఉన్న సంగతి మన కళాశాలల్లో చాలామందికి తెలియదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో 1983లో మొదలైన సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్, అదే నగరంలోని పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ, మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వంటివాటి పేర్లు పీహెచ్‌డీ, ప్రాజెక్టు ఉద్యోగాల దశలో మీకు తరచూ ఎదురవుతాయి.

డిగ్రీ పూర్తయ్యేవరకు ఆగకుండా ఇప్పుడే చేయగలిగినవీ ఉన్నాయి. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి విద్యార్థులకు వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి; జీవావరణ శాస్త్రవేత్తల దగ్గర రెండు నెలలు పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. అత్తాపూర్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఉంది. అడవిలో దొరికిన విసర్జితాల నుంచి డీఎన్ఏ తీసి జంతువులను గుర్తించే పని అక్కడ జరుగుతుంది. నెహ్రూ జూపార్కుతో కలిసి మూషిక జింకలను పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలింది కూడా వారే. మంచినీటి జీవుల మీద పనిచేసే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రం కూడా అత్తాపూర్‌లోనే ఉంది. ఇక మీరు మళ్లీ మళ్లీ వెళ్లవలసిన చోటు కోసం నల్లమల దాకా పోనక్కరలేదు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు ఉంది, చిలుకూరు దగ్గర మృగవని ఉంది, జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు ఉంది. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, వారానికి ఒకసారి, ఒకే వేళకు, ఒకే దారిలో నడిచి ఏడాది పాటు లెక్క రాయండి. ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో మీరు తిరిగిన పది రాష్ట్రాల ఫోటోల కంటే ఆ నోటు పుస్తకాన్నే శ్రద్ధగా చూస్తారు. అభయారణ్యాలలో, జాతీయ పార్కులలో గ్లాసులు పాతడం, జీవులను పట్టడం వంటివి మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ లిఖితపూర్వక అనుమతి లేకుండా చేయరాదు. ఆ అనుమతి రావడానికి నెలలు పట్టవచ్చు, దాని కోసం తిరగడమూ ఈ వృత్తిలో భాగమే.

ప్రయాణమూ శాస్త్రమూ కలిసిన ఉదాహరణ కావాలంటే పక్షి శాస్త్రవేత్త సలీం అలీని చూడండి. విశ్వవిద్యాలయ డిగ్రీ లేదని ఉద్యోగం దక్కకపోయినా, ఆయన బెర్లిన్‌లో శిక్షణ పొంది వచ్చి, ఖర్చులు భరిస్తే చాలు, మీ రాజ్యంలోని పక్షులను సర్వే చేసి పెడతానని సంస్థానాలకు ప్రతిపాదించాడు. 1931-32లో ఆయన నిజాం రాజ్యమంతా తిరిగి చేసిన హైదరాబాద్ స్టేట్ పక్షుల సర్వే అలా జరిగినదే. ఊరూరా మకాం వేసి ఆయన రాసిపెట్టిన జాబితాలు ఉన్నాయి కాబట్టే ఈ ప్రాంతంలో అప్పుడు ఏవి ఉండేవో, ఇప్పుడు ఏవి లేవో చెప్పగలుగుతున్నాము. డిగ్రీ లేకుండా అంత దూరం వెళ్లడం ఈ కాలంలో దాదాపు అసాధ్యం కనుక, ఆయన జీవితంలో ఆ ఒక్క భాగాన్ని మాత్రం ఆదర్శంగా తీసుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయి నీట్‌కు చదవను, ఎకాలజీ చదువుతానంటోంది. ఈ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? పులులు తిరిగే అడవులకు ఆడపిల్లను ఒంటరిగా ఎలా పంపగలం?
- ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: మీ ఆందోళన సహజమైనది, దాన్ని కొట్టిపారేసే ఉద్దేశం మాకు లేదు. ఈ రంగంలో స్థిరమైన ఉద్యోగం ఆలస్యంగా వస్తుంది. పీజీ తరువాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ సాధిస్తే, 2023 నుంచి అమలులో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 రూపాయలు, వాటితోపాటు ఇంటి అద్దె భత్యం వస్తాయి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. అంటే మీ అమ్మాయి ముప్పై ఏళ్లకు దగ్గరపడేదాకా ఫెలోషిప్ మీద ఉండవలసి రావచ్చు. అది పస్తులుండే ఆదాయం కాదు, అలాగని ఇల్లు కొనగలిగే ఆదాయమూ కాదు. తోటి పిల్లలు సాఫ్ట్‌వేర్ జీతాలు అందుకుంటున్న కాలంలో ఇంట్లోవారి మాటలు ఆమెను ఎక్కువగా కుంగదీస్తాయి. అక్కడ మీ అండ అవసరమవుతుంది.

ఆ తరువాత దొరికేవి విశ్వవిద్యాలయాలు, విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థలైన ఐసర్లు, జువలాజికల్ సర్వే, బొటానికల్ సర్వే వంటి ప్రభుత్వ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలలోని పరిశోధన ఉద్యోగాలు. అటవీ శాఖ వేరు. యూపీఎస్‌సీ ద్వారా వచ్చే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులో గౌరవం, భద్రత రెండూ ఉన్నాయి కానీ అది పాలన, చట్టం అమలు ప్రధానంగా గల కొలువు, పరిశోధన కాదు. జీతం కాస్త త్వరగా వచ్చే దారి ఇంకొకటి ఉంది. గనులు, ఆనకట్టలు, రహదారులు వంటి ప్రాజెక్టులకు 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి కనుక, ఆ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలకు జీవవైవిధ్య నిపుణులు కావాలి. హైదరాబాద్‌లో ఇటువంటివి ఉన్నాయి. ఈ పనిలో ఒక ఇబ్బంది ఉన్నదని మాత్రం చెప్పాలి. చాలా ప్రాజెక్టులకు వానాకాలం కాని ఒక్క రుతువు వివరాలు సేకరిస్తే సరిపోతుందన్నది వాడుక. మన దక్కను నేలలో కప్పలు, గడ్డి జాతులు, చిన్నచిన్న మొక్కలు కంటపడేదే వానాకాలంలో. మార్చి నెలలో వెళ్లి చూసినవారికి అదంతా ఏమీ లేని బీడులాగే తోస్తుంది, నివేదికలోనూ అలాగే చేరుతుంది. చదువుకున్న మనసుకు ఇది ముల్లులా గుచ్చుకుంటుంది. అయినా ఆ నివేదిక రాసే గదిలో విషయం తెలిసినవారు ఒకరు ఉండడం ఎవరూ లేకపోవడం కంటే మేలని మా అభిప్రాయం.

భద్రత గురించి రెండు మాటలు. పేరున్న సంస్థలు ఎవరినీ అడవిలోకి ఒంటరిగా పంపవు. దారి తెలిసిన స్థానిక సహాయకులు వెంట ఉంటారు, సాయంత్రానికి శిబిరానికి చేరి హాజరు చెప్పాలన్న నియమం ఉంటుంది. నల్లమలలో పనిచేసేవారు పులి కంటే ఎలుగుబంటికి, దానికంటే వడదెబ్బకు, అంతకంటే రాత్రిపూట బండి ప్రయాణానికి ఎక్కువ జాగ్రత్త పడతారు. చేరబోయే చోట అత్యవసర వైద్యానికి, వేధింపుల ఫిర్యాదులకు ఏ ఏర్పాట్లున్నాయో ముందే అడగండి. అడిగినందుకు చిన్నబుచ్చుకునే చోటికి పంపకండి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. శని, ఆదివారాలలో పక్షుల ఫోటోలు తీస్తుంటాను. ఉద్యోగం మానేసి ఈ రంగంలోకి రావాలని ఉంది. ఆలస్యమైపోయిందా?
- ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ఆలస్యం కాలేదు, కానీ రాజీనామా పత్రాన్ని ఇంకా పంపకండి. మీ చేతిలో ఉన్న విద్యకే ఇప్పుడు ఈ రంగంలో గిరాకీ ఉంది. అడవిలో చెట్లకు కట్టిన, ఎదుట కదలిక ఉంటే వాటంతట అవే ఫోటో తీసే కెమెరా ట్రాపులు ఒక్కో సర్వేలో లక్షల చిత్రాలు తీస్తాయి. వాటిలో గాలికి ఊగిన గడ్డి చిత్రాలే ఎక్కువ. శబ్దాలను రికార్డు చేసే పరికరాలు నెలల తరబడి ధ్వనులను నింపుకుని వస్తాయి. వాటిని జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాయడం, చిందరవందరగా ఉన్న సమాచారాన్ని ఒక పద్ధతిలో పెట్టడం, ఉపగ్రహ చిత్రాల నుంచి చెట్ల విస్తీర్ణం లెక్కించడం తెలిసినవారు పరిశోధన బృందాలకు కావాలి. ఆర్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలు, మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ వంటివి నేర్చుకోవడం మీకు కొత్త కాదు. ముందు ఏదైనా బృందానికి సాయంత్రాలలో సాయపడి చూడండి. ఆ తరువాత కూడా మనసు మారకపోతే, పైన చెప్పిన ఎన్‌సీబీఎస్ ఎమ్మెస్సీలో ఇంజినీరింగ్ పట్టభద్రులు కూడా చేరారని గుర్తుంచుకోండి.

అసలు వృత్తి మార్చుకోకుండానే ఈ శాస్త్రానికి పనికొచ్చే దారి మీకు ఉంది. మొదటి జవాబులో ప్రస్తావించిన 2023 నివేదిక 942 జాతుల స్థితిని అంచనా వేసినది, 30,000 మందికి పైగా పక్షి పరిశీలకులు ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేసిన మూడు కోట్ల వివరాల ఆధారంగా. వారిలో అత్యధికులు మీలాగా వేరే ఉద్యోగాలు చేసుకునేవారే. అయితే ఆ లెక్కలకు మంచి ఫోటో పనికిరాదు, పూర్తి జాబితా కావాలి. కాకినీ, గోరింకనూ, పావురాన్నీ వదలకుండా, ఎంతసేపు చూశారో, ఎంత దూరం నడిచారో రాసినదే పూర్తి జాబితా. అరుదైన పిట్ట కోసం వంద కిలోమీటర్లు పోవడం కంటే మీ అపార్ట్‌మెంటు వెనుక చెరువు దగ్గర ప్రతి శనివారం పావుగంట నిలబడడం వల్లనే ఎక్కువ తెలుస్తుంది. ఇంకొక మాట: ఫోటో కోసం ఫోనులో పిట్ట కూతలు వినిపించి వాటిని రప్పించడం, గూళ్ల దగ్గర కాపు కాయడం ఇప్పుడు నగరం చుట్టూ మామూలైపోయింది. వేరే పిట్ట వచ్చిందనుకుని గుడ్లను వదిలి పోట్లాటకు వచ్చే పక్షికి అది ఎంత నష్టమో ఆలోచించండి. మీరు అలా చేస్తున్నారని మా ఉద్దేశం కాదు.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. లెక్కలంటే భయం. నేను ఎకాలజిస్టును కాగలనా?
- ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: తెలుగు మీడియం గురించి బెంగ పెట్టుకోకండి. పరిశోధన వ్యాసాలు ఇంగ్లిషులోనే ఉంటాయి కనుక చదవడం, రాయడం అలవాటు చేసుకోవలసిందే, అది నాలుగైదేళ్లలో వస్తుంది. కానీ క్షేత్రంలో తెలుగు బాగా రావడం ఒక ఆస్తి. కలివికోడి కథే అందుకు సాక్ష్యం. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవారు కడప జిల్లాలో బొమ్మలు పట్టుకుని ఊరూరా అడుగుతూ తిరిగారు. చివరకు 1986లో సిద్ధవటం ప్రాంతంలో ఐతన్న అనే స్థానిక వేటగాడు పట్టి ఇవ్వడంతో అది ఇంకా బతికే ఉన్నదని ప్రపంచానికి తెలిసింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్ట ఏ పొదల మధ్య నడుస్తుందో శాస్త్రవేత్తలకు తెలియకపోయినా అక్కడివారికి తెలుసు. నల్లమలలో చెంచులతో, చేవెళ్ల దగ్గర గొర్రెల కాపరులతో వారి మాటలోనే కూర్చుని మాట్లాడగలిగినవారికి, దుబాసీ మీద ఆధారపడేవారికి అందని సంగతులు అందుతాయి.

లెక్కల భయం మాత్రం వదిలించుకోవలసిందే. కలనం, త్రికోణమితి గురించి అంతగా బాధపడనక్కరలేదు. మీకు కావలసింది గణాంక శాస్త్రం. పది చోట్ల లెక్కపెట్టిన పాలపిట్టల సగటు ఎంత, ఆ సగటు మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు, రెండు చోట్ల మధ్య కనబడిన తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అన్న ప్రశ్నలతో మొదలుపెడితే అది భయపెట్టదు. సొంతంగా లెక్కపెట్టిన అంకెలయితే ఇంకా తొందరగా ఒంటపడుతుంది. ఇంటర్ తరువాత సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది, దానికి ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకు చూస్తారు. పరిశోధన వైపే వెళ్లాలనుకుంటే ఐసర్ తిరుపతిలో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. అక్కడ జీవావరణ శాస్త్రం మీద పనిచేసే అధ్యాపకులు ఉన్నారు. ఐసర్ ప్రవేశ పరీక్షలో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రంతోపాటు గణితం ప్రశ్నలు కూడా సమానంగా వస్తాయి కనుక, ఆ దారి ఎంచుకునేట్టయితే ఎంపీసీ చదివే స్నేహితుడి దగ్గర గణితం పుస్తకాలు ఈ సెలవుల్లోనే అడిగి తీసుకోండి.